ముసలిది ఎలా ఉందని అడిగావు

చిరంజీవి మా అబ్బాయికి అమ్మ దీవించి రాయునది.

ఇక్కడ మేమంతా కులాసా, అక్కడ నువ్వూ కులాసా అని తలుస్తాను అంటూ ప్రతిసారీ మొదలుపెట్టేదాన్ని కదా. ఈసారి ఆ వాక్యం మూడుసార్లు రాసి మూడు కాగితాలు చింపేశాను. అందుకని సగమే రాస్తున్నాను. నువ్వు కులాసాగా ఉన్నావని తలుస్తాను. ఇక్కడి సంగతి కింద రాస్తాను, నిదానంగా చదువు. తినబోయే ముందు చదవకు, తిన్నాక చదువు. నీ గుండె ఆగిపోకుండా ఒక మాట మాత్రం ముందే చెప్పేస్తాను. నేను ఈ అక్షరం రాస్తున్న క్షణానికి నీ భార్య ప్రాణాలతో ఉంది, తెలివిలో ఉంది, అప్పుడప్పుడూ తల తిప్పి నా వైపు చూస్తోంది. మా ఇద్దరి మధ్యా అద్దం తలుపు ఉంది.

ఆ తలుపుకి ఎదురుగా వరండాలో ఇనప బెంచీ మీద కూర్చుని, ఒళ్ళో పాత క్యాలెండరు అట్ట పెట్టుకుని రాస్తున్నాను. రాత వంకరగా ఉంటే బెంచీని తిట్టుకో. ఇవాళ గురువారం. రోడ్డు దాటితే మీ కంపెనీ ఆఫీసు. అక్కడి గుమాస్తా సరిగ్గా నాలుగున్నరకి ఉత్తరాల సంచి మూతి కట్టేస్తాడు. ఆ సంచి రేపటి సరుకుల పడవలో నీ దగ్గరికి వస్తుంది.

ఫోన్లో చెప్పొచ్చు కదా అనకు. సముద్రం మధ్య చమురు తోడే ఆ ఇనప మంచె మీద ఆదివారం నీకు దొరికేది ఐదు నిమిషాలు. నీ వెనక పదిమంది తమ వంతు కోసం నిలబడి గొంతులు సవరించుకుంటూ ఉంటారు. మొన్న ఆదివారం నేను "జ్వరం ఇంకా ఉంది, పరీక్షకి పంపారు" అని రెండు ముక్కలు చెప్పి ఫోను కోడలి చెవి దగ్గర పెట్టేశాను. ఆ రెండు ముక్కలూ నిజమే. వాటి తర్వాత జరిగింది ఫోన్లో చెప్పడం నా వల్ల కాదు.

నిన్నటి పడవలో వచ్చిన నీ ఉత్తరం నా సంచిలోనే ఉంది. చిన్నప్పట్నుంచీ నీది అదే పద్ధతి. అడగాల్సినవన్నీ అంకెలేసి అడుగుతావు, సమాధానం రాకపోతే ఆ అంకె చుట్టూ గీత గీసి మళ్ళీ పంపుతావు. ఈసారి ఐదు అడిగావు. నాకు తోచిన వరసలో చెప్తాను. ఐదోదాన్ని చివరికి ఉంచుకుంటాను, విసుక్కోకు.

తింటోందా అన్నావు. తినడం లేదురా. నోరంతా పుండ్లు. గొంతులోకి జారేది ఏదైనా నాలుగు చెంచాలు పోస్తే రెండు బయటికి వస్తాయి. జుట్టు సంగతి ఆమే నీకు చెప్పింది. ఆ రోజు గుండు తడుముకుని, "అత్తయ్యా, పొయ్యిలోంచి తీసిన బన్నులా లేదూ? కాస్త వెన్న రాస్తే అమ్ముడుపోతాను" అంది. నేను నవ్వాను. బయటికొచ్చి వరండాలో పంపు తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చాను.

నాతో ఫోన్లో ముక్తసరిగా మాట్లాడుతోంది, నా మీద కోపమా అని అడిగావు. పిచ్చివాడా, కోపం కాదు. జ్వరం ఎక్కే ముందు ఆమెకి వణుకు వస్తుంది. దవడలు కొట్టుకుంటాయి. రెండు మాటలకి మించి మాట్లాడితే ఆ వణుకు గొంతులోకి దిగి నీకు తెలిసిపోతుందని "ఊఁ, సరే, మీరు తిన్నారా" అని సరిపెడుతోంది. నీ ఫోను పెట్టేశాక ఆ ఫోన్నే చాలాసేపు పట్టుకుని ఉంటుంది.

కొత్త పరీక్ష ఏమిటని అడిగావు. నాకు అర్థమైనంత చెప్తాను. నువ్వు డ్యూటీకి వెళ్ళాక కాన్సర్ మందు తన పని తాను చేసింది. చెడ్డ కణాలతో పాటు మంచివాటినీ ఊడ్చేసింది. తెల్లకణాలు సున్నా అని రోజూ కాగితం మీద రాసిస్తారు. అంటే ఒంట్లో కాపలా కాసేవాళ్ళు ఒక్కరూ లేరు. అలాంటప్పుడు జ్వరం వస్తే ఏ క్రిమి వల్ల వచ్చిందో వెంటనే తెలియాలి. రక్తం తీసి సీసాల్లో పోసి ఏమైనా పెరుగుతుందేమోనని చూశారు. ఏమీ పెరగలేదు. అప్పటికే రకరకాల మందులు ఎక్కించి ఉన్నారు కాబట్టి క్రిమి ఉన్నా ఆ సీసాల్లో పెరగకపోవచ్చట. మందులు మూడుసార్లు మార్చారు, జ్వరం మాత్రం మారలేదు.

అందుకని రక్తంలో కొట్టుకుపోతున్న జన్యువుల తుక్కుని చదివే పరీక్షకి పంపారు. ల్యాబ్ డాక్టరమ్మ నాకు విడమరిచి చెప్పింది. ఒంట్లో ఏది చచ్చినా దాని జన్యువులు ముక్కలై రక్తంలో తేలుతుంటాయట. ఆ ముక్కలన్నీ యంత్రం చదువుతుంది. చాలావరకు మనిషివే ఉంటాయి. వాటిని పక్కన పెట్టి, మిగిలినవి ఏ క్రిమివో పోల్చి చూస్తారు. నాకు మన రొట్టెల కొట్లో పిండి బల్ల గుర్తొచ్చింది. రోజంతా పని అయ్యాక బల్ల ఊడిస్తే వచ్చే పొడి చూసి ఆ రోజు ఏమేం చేశామో చెప్పొచ్చు కదా, అలాంటిదే. ఎంత మంచి పరీక్ష అనుకున్నాను. అది నన్ను పట్టుకుంటుందని అప్పుడు నాకు తెలీదు.

నా బదులు మనిషిని చూసుకుని వచ్చేయనా అని నాలుగోది. ఇదివరకూ అడిగావు, పోయిన ఉత్తరంలో వద్దని రాశాను. ఉద్యోగం పోతే ఆస్పత్రి కార్డు కూడా పోతుంది, ఇక్కడ నేనున్నాను, అంతా చూసుకుంటాను అని పెద్ద ఆరిందాలా రాశాను. ఇప్పుడు రమ్మంటున్నాను. ఎలాగైనా రా. ఇంకా పద్దెనిమిది రోజులుంది, తుఫాను కాలం, పడవ దొరకదు అంటావేమో. మీ సూపర్‌వైజరు కాళ్ళు పట్టుకో. ఈ ఉత్తరం చూపించు, సిగ్గుపడకు. సిగ్గుపడాల్సింది నేను.

ఇక ఐదోది. "ముసలిది ఎలా ఉంది? రెండు పూటలా తిండి పెడుతున్నావా, మర్చిపోతున్నావా?" అని అడిగావు.

నీ పెళ్ళినాడు నీ భార్య పెట్టెలో బట్టలకంటే ముందు ఆ గాజు సీసా బయటికి తీసింది, గుర్తుందా? లోపల బుడగలు తేలుతున్న పులిసిన పిండి, రొట్టెలు పొంగడానికి తోడు వేసేది. నేను మూత తీసి ముక్కు మూసుకున్నాను. "ఈ మురిగిన పిండిని నా కొట్లోకి రానివ్వను, నాకు పాకెట్టు ఈస్టు ఉంది" అన్నాను. ఆ పిల్ల నాకు ఎదురు చెప్పలేదు. మర్నాడు తెల్లారేసరికి దాంతో నాలుగు రొట్టెలు కాల్చి, ఏమీ అనకుండా బల్ల మీద పెట్టింది. ఒకటి మొత్తం నేనే తినేశాను. నెల తిరిగేసరికి ఊళ్ళో వాళ్ళు నా రొట్టెల్ని పక్కకి నెట్టి "కోడలు చేసినవి లేవా" అని అడగడం మొదలుపెట్టారు. నాకు మండింది. ఆ తర్వాత గర్వం కూడా వచ్చింది. ఆ సీసాకి ముసలిది అని పేరు పెట్టింది నువ్వే. కోడలు రోజూ పొద్దునా సాయంత్రం దానికి పిండీ నీళ్ళూ పోస్తూ, "ఇంట్లో ఇద్దరు ముసలోళ్ళు, ఇద్దరికీ వేళకి పెట్టకపోతే పుల్లబడతారు" అని నా ముందే నవ్వేది. నేను విననట్టు ఉండేదాన్ని.

ఆమె ఆస్పత్రిలో చేరాక ముసలిది నా చేతికొచ్చింది. పదిహేను రోజులకి పొంగడం మానేసింది. పైన నల్లటి నీళ్ళు తేలాయి. వాసన మారిపోయింది. పిండి మార్చాను, నీళ్ళు మార్చాను, పొయ్యి పక్కన పెట్టాను, లాభం లేకపోయింది. నా చేతిలో చచ్చిపోతుందేమోనని భయం పట్టుకుంది. పిచ్చి భయంలా ఉంటుంది నీకు. కానీ అది చస్తే ఆమెకేదో అయిపోతుందని నా మనసులో ఎక్కడో పడిపోయింది. ఎవరికీ చెప్పలేదు.

ఆస్పత్రిలో ఆమెని అడిగాను. "పుల్లటి వాసనా అత్తయ్యా, ఘాటు వాసనా?" అంది. నాకు చెప్పడం రాలేదు. ముప్పై ఏళ్ళు రొట్టెలు కాల్చినదాన్ని, ఒక వాసనకి మాట దొరక్క చేతులు తిప్పాను. ఆమె దిండుకి ఆనుకుని, "ఒక్కసారి నా ముక్కు దగ్గర పెడితే చెప్పేస్తాను కదా" అంది. ఊరికే అన్న మాటే అది. తెమ్మని అడగలేదు, ఆ సంగతి నువ్వు గుర్తుపెట్టుకోవాలి.

వార్డు గోడ మీద తేకూడనివాటి జాబితా ఉంది. పూలు వద్దు, పచ్చి పళ్ళు వద్దు, కుండీ మొక్కలు వద్దు, పెంపుడు జంతువులు వద్దు. పులిసిన పిండి వద్దని లేదు. అలాంటిది ఎవరైనా తెస్తారని ఎవరు మాత్రం అనుకుంటారు? మూడు వారాల కిందటి మంగళవారం మడత పెట్టిన తువ్వాళ్ళ మధ్య సీసా దాచి తీసుకెళ్ళాను. గుమ్మం దగ్గర మోచేతుల దాకా చేతులు కడిగాను, గౌను వేసుకున్నాను, ముక్కుకి మాస్కు కట్టుకున్నాను. అన్ని నియమాలూ పాటించి లోపలికి వెళ్ళి, మంచం పక్కన నిలబడి సీసా మూత తీశాను.

ఆమె మాస్కు కిందికి లాగి వాసన చూసింది. "గోళ్ళ రంగు వాసన వస్తోంది కదూ? ఆకలితో మాడిపోతోంది అత్తయ్యా, అంతే. మీరు సగం సగం పెడుతున్నట్టున్నారు" అంది. వేలు ముంచి తీసి సాగుతోందా లేదా చూసింది. తర్వాత ఏం చేసిందో నీకు చెప్పక్కర్లేదు. మనింట్లో వేలికి పిండి అంటితే ఆ వేలు ఎక్కడికి పోతుందో నీకూ తెలుసు. నాలిక్కి రాసుకుంది, నోట్లో అన్ని పుండ్లతో. ఛాతీ దగ్గర మందులెక్కించే గొట్టం ఉంది కదా, దాని పట్టీ దురద పెడుతోందని అదే వేలితో నొక్కుకుంది. నేను చూస్తూనే ఉన్నాను. నాకు అందులో తప్పేమీ కనిపించలేదు. రొట్టెలు చేసేవాళ్ళకి పిండి మురికిలా కనిపించదురా. పైగా ఆమె నవ్వుతోంది. "ఇద్దరు ముసలోళ్ళూ నేను లేకపోతే పస్తులేనా?" అని నవ్వింది. మూడు వారాల తర్వాత ఆమె నవ్వడం అదే మొదలు. నేను ఆ నవ్వు చూసుకుని మురిసిపోయి సీసా మూత పెట్టుకుని వచ్చేశాను. ఇంటికెళ్ళి ముసలిదానికి నిండుగా పెట్టాను. సాయంత్రానికి పొంగింది.

శనివారం ఆమెకి జ్వరం వచ్చింది.

హెడ్ నర్సు అడిగింది. "బయట్నుంచి ఏమైనా తెచ్చి పెట్టారా? ఏమైనా ముట్టుకుందా?" అని. లేదమ్మా అన్నాను. అప్పుడు నిజంగా నాకు గుర్తు రాలేదు. పళ్ళ గురించి అడుగుతోందనుకున్నాను. ఈ ఒక్క విషయంలో నన్ను నమ్ము. ఎందుకంటే దీని తర్వాత రాయబోయేదానికి నా దగ్గర ఏ సాకూ లేదు.

సోమవారం మధ్యాహ్నం పరీక్ష ఫలితం వచ్చింది. వార్డు పక్కన చిన్న గదిలోకి నన్ను పిలిచారు. పెద్ద డాక్టరు, ల్యాబ్ డాక్టరమ్మ ఉన్నారు. బల్ల మీద కాగితం, అందులో మూడు పేర్లు. ఆమె పెన్సిల్‌తో చూపిస్తూ చెప్పింది. "మొదటిది అందరి చర్మం మీదా ఉండేదే. రెండోది పంపు నీళ్ళలో ఉంటుంది. మూడోది అసలు క్రిమి అనడానికే లేదు పెద్దమ్మా, బ్రెడ్డు పొంగడానికి వేసే ఈస్టు. మేము వాడే రసాయనాల్లోనే వీటి తుక్కు ఉంటుంది, చాలా రిపోర్టుల్లో కనిపిస్తుంటాయి. ఈస్టు ఈసారి మామూలుకంటే కాస్త ఎక్కువే ఉంది, కానీ..." అని ఆగి పెద్ద డాక్టరు వైపు చూసింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆమె మూడు పేర్ల మీదా పెన్సిల్‌తో అడ్డగీత కొట్టేసింది.

వాళ్ళ తప్పేం లేదు. ఆస్పత్రి ఫారంలో పని అన్నచోట "వ్యాపారం" అని రాసింది నేనే. ఏం వ్యాపారమో ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. నేను వాళ్ళకి పేషెంటు అత్తగారిని, అంతే.

బ్రెడ్డు అన్న మాట విన్నాను. ఆ సీసా, ఆ వేలు, ఆ పట్టీ అన్నీ ఒక్కసారి కళ్ళముందుకొచ్చాయి. నోరు తెరిచాను. "ఆవిడకి నీళ్ళివ్వండి" అన్నాడు పెద్ద డాక్టరు. నీళ్ళు తాగాను. తాగి ఊరుకున్నాను.

ఆయన చెప్పుకుంటూ పోయాడు. ఊపిరితిత్తుల ఫోటోలో చిన్న మచ్చలున్నాయి, రేపు పొద్దున లోపలికి గొట్టం వేసి నీళ్ళు తీసి చూస్తాం, రక్తం గడ్డకట్టే కణాలు తక్కువగా ఉన్నాయి కాబట్టి లోపల రక్తస్రావం కావచ్చు, ఊపిరి యంత్రం మీద పెట్టాల్సి రావచ్చు, వేరే దారి లేదు, సంతకం పెట్టండి అన్నాడు. నేను సంతకం పెట్టాను. నీ బదులు పెట్టాను. ఏ క్రిమి కోసం ఆమెని అంత ప్రమాదంలోకి తోస్తున్నారో ఆ క్రిమి నా వంటింట్లో ఉందని తెలిసి పెట్టాను.

ఎందుకు చెప్పలేదంటావు. చదువుకున్న డాక్టర్లే కాదని కొట్టేశారు, నేనెవర్ని అనుకున్నాను. చెప్తే నన్ను ఆమె గదిలోకి రానివ్వరని భయపడ్డాను. నువ్వు నా మొహం చూడవని భయపడ్డాను. అందుకే కదా నిన్ను రావద్దని గట్టిగా రాసింది అని నీకు అనుమానం రావచ్చు. ఆ ఉత్తరం రాసేటప్పటికి నాకీ సంగతి తెలీదు. కానీ సోమవారం, నువ్వు దూరంగా ఉండడమే మంచిదైందని ఒక్క క్షణం అనుకున్నాను. ఆ మాటా దాచను. పిల్లని చంపుకున్నా సరే, చంపింది నేనని ఎవరికీ తెలియకపోతే చాలని అనుకునేంత దాకా పోయిందిరా నా బుద్ధి. ఆ సాయంత్రం కొట్టుకెళ్ళి చేతుల్ని బ్లీచింగ్ నీళ్ళలో పెట్టి రుద్దుకున్నాను. చర్మం ఊడింది.

మంగళవారం పొద్దున తొమ్మిదింటికి స్ట్రెచర్ తెచ్చారు. ఆమెని దాని మీదకి మార్చారు. జ్వరం నూట నాలుగు దాటింది. బీపీ పడిపోతోందని నర్సులు గబగబా మాట్లాడుకుంటున్నారు. గుమ్మం దగ్గర ఆమె నా చెయ్యి పట్టుకుని ముక్కు దగ్గరికి లాక్కుంది. "అత్తయ్యా, మీ చేతుల్నుంచి పిండి వాసన రావట్లేదేంటి? కొట్టు తెరవట్లేదా?" అంది.

నా వల్ల కాలేదు. "ఆపండి! నేను రొట్టెలు చేసేదాన్ని!" అని అరిచాను. స్ట్రెచర్ తోసేవాళ్ళు నాకు మతి పోయిందనుకున్నారు. పెద్ద డాక్టరు వెనక్కి తిరిగి, "అయితే ఏంటమ్మా?" అన్నాడు. చెప్పాను. సీసా, వేలు, నాలిక, పట్టీ, అన్నీ ఆ గుమ్మంలోనే అందరి ముందూ చెప్పాను. ఆయన వెంటనే ల్యాబ్‌కి ఫోను చేశాడు. ఆ డాక్టరమ్మ మెట్ల మీద పరిగెత్తుకుంటూ వచ్చి అదే కాగితం తీసి, పెన్సిల్ గీత కొట్టిన మూడో పేరు చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టింది.

ఊపిరితిత్తుల్లోకి గొట్టం ఆపేశారు. ఛాతీ దగ్గరున్న గొట్టం అరగంటలో తీసేశారు. మధ్యాహ్నానికి వేరే మందు మొదలుపెట్టారు. పసుపుపచ్చగా ఉంటుంది, వెలుతురు తగలకుండా సంచికి నల్ల తొడుగు వేస్తారు. అది ఎక్కుతున్నంతసేపూ ఆమె మంచం అదురుతుంది. మూత్రపిండాల మీద కూడా పడుతుందట, రోజూ రక్తం చూస్తున్నారు. పెద్ద డాక్టరు నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు కాస్త బరువు తగ్గేదేమో. "నిన్న చెప్పి ఉంటే నిన్నే మొదలుపెట్టేవాళ్ళమమ్మా" అన్నాడు, అంతే. ఆ ఇరవై గంటలు ఆమెకి చాలకుండా పోతాయేమోనని ఇప్పుడు ప్రతి నిమిషం లెక్కపెడుతున్నాను.

గొట్టం తీస్తున్నప్పుడు నేను తలుపు దగ్గరే ఉన్నాను. ఆమె నన్ను చూసి ఏమందో తెలుసా? "నర్సు నన్ను కూడా అడిగింది అత్తయ్యా. జ్వరం వచ్చిన రోజే. ఏమీ ముట్టుకోలేదన్నాను. చెప్తే మిమ్మల్ని రానివ్వరని." ఇద్దరం ఇద్దరమే. నాకంటే ఆమెకి ముందే తోచిందన్నమాట. నన్ను కాపాడ్డానికి ఆమె ప్రాణం మీదికి తెచ్చుకుంది. నన్ను నేను కాపాడుకోడానికి నేను తెచ్చాను. రెండూ ఒకటి కావని నాకు తెలుసు.

ఆ రోజే సీసా తీసుకెళ్ళి ల్యాబ్‌లో ఇచ్చాను. డాక్టరమ్మ రెండు చెంచాలు తీసి చిన్న గొట్టాల్లో పోసుకుని, వాటి మీద నీ భార్య నంబరు అంటించి, సీసా నాకు తిరిగిచ్చింది. కొట్టుకొచ్చి పెద్ద గిన్నెడు నీళ్ళు మరిగించి దాని మీద పోశాను. బుడగలు ఆగేదాకా చూసి, తూములో పారబోసి, సీసా పగలగొట్టాను. అప్పుడు నాకు ఒళ్ళు తెలియని కోపం. దాని మీదో నా మీదో నాకే తెలీదు.

ఇవాళ పొద్దున ఫలితం చెప్పారు. తీసిన గొట్టం కొసన ఈస్టు పెరిగింది. సీసాలోదీ ఆమె రక్తంలోదీ చదివి పక్కపక్కన పెట్టి చూశారు. రెండూ ఒకటేనట.

నన్ను లోపలికి రానివ్వడం లేదు. నేనే వెళ్ళనన్నాను, వాళ్ళు కాదనలేదు. నాలుగు గంటలకోసారి నర్సు జ్వరం చూసి, నా కోసం అద్దం మీద లోపల్నుంచి మార్కర్‌తో అంకె రాస్తుంది. ఇవతలికి తిరగబడి కనిపిస్తుంది. రెండు రోజుల్లో తిరగేసి చదవడం వచ్చేసింది నాకు. నిన్న సాయంత్రం నూట మూడు. ఇవాళ ఎనిమిదింటికి నూట రెండున్నర. పన్నెండింటికి మళ్ళీ నూట మూడు. మూడు రోజులు గడిస్తేగానీ ఏమీ చెప్పలేమంటున్నారు. తెల్లకణాలు ఇవాళ కూడా సున్నాయే.

ఇందాక, మందు ఆగాక, ఆమె కళ్ళు తెరిచి నా వైపు తిరిగింది. రెండు చేతులూ దగ్గరికి తెచ్చి గుండ్రంగా సీసాలా పట్టింది. తర్వాత వేలు ముక్కు మీద పెట్టి కనుబొమలు ఎగరేసింది. ముసలిది ఎలా ఉందని నువ్వడిగిన ప్రశ్నే. బాగుందని తల ఊపడం ఎంత తేలిక. తల ఊపబోయాను కూడా. మళ్ళీ ఆమె ముందు అబద్ధమా అనిపించి, ఖాళీ చేతులు రెండూ అద్దానికి ఆనించి చూపించాను. చాలాసేపు నా అరచేతుల్నే చూసింది. తర్వాత మొహం అటు తిప్పేసుకుంది. భుజాలు కదిలాయి. ఏడ్చిందో, వణుకు వచ్చిందో ఇక్కణ్ణుంచి తెలీలేదు.

ఇదీ నీ ఐదో ప్రశ్నకి జవాబు. ముసలిది ఇప్పుడు రెండే చోట్ల ఉంది. ఒకటి ల్యాబ్ ఫ్రిజ్‌లో, నీ భార్య నంబరు అంటించిన చిన్న గొట్టంలో. రెండోది నీ భార్య రక్తంలో. ఆమె పెళ్ళికి తెచ్చుకున్నది, పెళ్ళయినప్పట్నుంచీ రెండు పూటలా తిండిపెట్టి పెంచుకున్నది, ఆమె ఒంట్లో ఎప్పుడు చస్తుందా అని ఈ బెంచీ మీద కూర్చుని కాచుకుని ఉన్నాను.

నువ్వొచ్చాక ఏమన్నా పడతాను. నన్ను ఇంట్లోంచి పొమ్మన్నా సరే. కానీ ఆదివారం ఫోన్లో ఆమెని ఏమీ అడగకు, ఈ ఉత్తరం అందినట్టు కూడా తెలియనివ్వకు. నీ గొంతు వినిపించు చాలు. ఐదు నిమిషాలూ ఆమెకే ఇస్తాను. ఫోను నర్సు పట్టుకుంటుంది.

నాలుగు కావస్తోంది. ఇక్కడితో మడిచేసి ఆఫీసుకి వెళ్ళిపోవచ్చు. వెళ్ళాలనే ఉంది, ఆ అంకె చూడాలంటే నాకు అంత భయంగా ఉంది. కానీ అది తెలియకుండా ఉత్తరం అంటిస్తే నీ దగ్గర ఇంకోటి దాచినట్టే. ఆగుతాను.

నర్సు వచ్చింది. కోడలి చంకలో జ్వరం చూసే యంత్రం పెట్టింది. అబ్బాయీ, ఈ యంత్రం ఇంతసేపు ఎప్పుడూ తీసుకోలేదు.

రాస్తోంది. ఒకటి. సున్నా. ఒకటి. చుక్క. నాలుగు.

నూట ఒకటి పాయింట్ నాలుగు. మళ్ళీ చదివాను, అంతే ఉంది. నర్సు నా మొహం చూసి, అప్పుడే సంబరపడొద్దన్నట్టు చెయ్యి అడ్డంగా ఊపింది. ఆమె వెనక కోడలు ఇటు తిరిగింది. వేలు ముక్కు దగ్గర పెట్టుకుని, ఆ వేలితోనే నా చేతుల వైపు చూపిస్తోంది. నా చేతులకి పిండి వాసన లేదని గుర్తుందనుకుంటా. వెళ్ళి కొట్టు తెరవమంటోంది.

ఆ పిండి ముట్టుకోవాలంటే నాకు ప్రాణం పోతున్నట్టుంది. నాలుగూ ఇరవై అయింది, రోడ్డు దాటాలి. నువ్వు రా.

ఇట్లు,
అద్దం తలుపు ఇవతల నుంచి
నీకు అమ్మని, ఆమెకి ఇంకా అత్తని.